మెత్తని పరుపు మీద ఎముక

నెలీదా బెంతన్‌కోర్ పోస్తే నీళ్ళు కూడా గడ్డకడతాయని ఆ ప్రయోగశాలలో అనేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు ఆమెది. పంతొమ్మిదో ఏట గాజుసామాను కడగడానికి చేరింది. వాళ్ళ నాన్న సెర్రో కొండ దిగువన మాంసం ఫ్యాక్టరీలో పశువుల తోళ్ళు ఒలిచేవాడు, తోలుకు చిన్న గాటు కూడా పడనిచ్చేవాడు కాదు. ఆ చెయ్యే కూతురికి వచ్చిందని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్ళు. తొట్టి దగ్గర నిలబడి, పెద్ద చదువులు చదివినవాళ్ళు చేసే పనులన్నీ ఓరకంట చూసి చూసి నేర్చుకుంది. పదేళ్ళు తిరక్కుండానే ఆ చదువుకున్నవాళ్ళే వచ్చి, ఇదొక్కటి చేసిపెట్టవా నెలీ అని బతిమాలుకునే రోజులొచ్చాయి. డిగ్రీ లేదు. లేకపోతేనేం, మోంతెవిదేయో ఊరు మొత్తం మీద ఇలాంటి చెయ్యి ఇంకొకటి లేదని ఆమె నమ్మకం. నమ్మకం అంటున్నాను గానీ అది పొగరే. ఉన్నమాట చెప్పుకోవాలి.

ఆ ప్రయోగశాలలో పనంతా ఎముకల మీద. తుంటి విరిగిన ముసలివాళ్ళకు ఆపరేషన్ చేసేటప్పుడు తీసిన మూలుగ అక్కడికి వచ్చేది. అందులోంచి మూలకణాలను వేరుచేసి పెంచేవాళ్ళు. మూలకణమంటే, తానేం కావాలో ఇంకా తేల్చుకోని కణం. కొవ్వు కావచ్చు, ఎముక కావచ్చు. ఎటు పోతుందన్నది మందుల్ని బట్టే కాదు, అది కూర్చున్న చోటును బట్టి కూడా ఉంటుంది. మెత్తని జెల్లీ మీద పెడితే గుండ్రంగా ముడుచుకుని కొవ్వువైపు జారిపోతుంది. గట్టి జెల్లీ మీద పెడితే కాళ్ళు చాపి, ఒళ్ళు బిగించి, ఎముకవైపు నడుస్తుంది. పరుపు కొనేవాడు చేత్తో నొక్కి చూసుకున్నట్టు, అది కూడా కిందనున్నదాన్ని లాగి చూసుకుంటుంది. ఆ జెల్లీ పరుపులు పోయడమే నెలీదా పని. చిన్న గాజుబిళ్ళ మీద ఒక చుక్క ద్రావకం, దానిమీద ఇంకో గాజుబిళ్ళ. గడ్డకట్టాక పైబిళ్ళ ఊడదీస్తే కింద కంటికి ఆనీ ఆనని పరుపు మిగులుతుంది.

ఇక మాతే సంగతి, అదొక చేదు ఆకు కషాయం. ఆ ఊళ్ళో ఎవర్ని చూసినా చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంటుంది. చేతిలో ఆకు కూరిన చిన్న సొరబుర్ర, దాంట్లోకి నీళ్ళు వంపుకోవడం, లోహపు గొట్టంతో పీల్చుకోవడం, పక్కవాడికి అందించడం. బస్సులో తాగుతారు, బ్యాంకు వరసలో తాగుతారు. కణాలు పెంచే గదుల్లోకి మాత్రం మాతే రాకూడదు. తలుపుల మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి అంటించింది నెలీదాయే. ఎనిమిదేళ్ళ కింద దార్దో అనే తోటి పనివాడు లోపల దొంగచాటుగా రెండు గుటకలు వేస్తుంటే చూసి, అప్పటికప్పుడు వెళ్ళి పెద్ద డాక్టరుకు చెప్పేసింది. దార్దోను కింద గోదాములోకి మార్చారు. ఈరోజుకీ అక్కడే ఉన్నాడు. మెట్ల దగ్గర ఎదురైతే టోపీ ఎత్తి పలకరిస్తాడు, అదే ఇంకా కష్టం.

అలాంటి మనిషి కిందటేడు జూలైలో ఏం చేసిందో చూడండి. అక్కడ జూలై అంటే నడి చలికాలం. భవనం అడుగున నీళ్ళ పంపు చెడిపోతే రోజుల తరబడి బాగుచేస్తున్నారు, దాని అదురుకు జెల్లీలు పోసే గదిలో బల్ల వణుకుతోంది. గట్టి జెల్లీలు చప్పున గడ్డకట్టేస్తాయి కాబట్టి వాటితో బాధ లేదు. మెత్తనివి అరగంట తీసుకుంటాయి. ఆ అరగంటలో పైబిళ్ళలు పక్కకు జరిగిపోయి పరుపులన్నీ పాడవుతున్నాయి. రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు నడవాలోంచి తన ఫ్లాస్కు తెచ్చి, బిళ్ళల మీద ఒక గాజుపలక పరిచి, దానిమీద నిలబెట్టింది. బిళ్ళలు కదల్లేదు. అంచుల్లోంచి కాస్త ద్రావకం బయటికి కారితే కాగితంతో తుడిచేసింది. ఫ్లాస్కు ఎలాగూ లోపలికి వచ్చింది కదా అని తలుపు గడియపెట్టి, చేతులు కడుక్కుని, రెండు గుటకలు మాతే కూడా తాగింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. పంపు బాగయ్యాక కూడా ఫ్లాస్కు అలవాటు పోలేదు, మాతే అలవాటూ పోలేదు.

ఆ పరుపుల మీద కణాలు వేసేది అనాయీ. దురాస్నో అనే పల్లెపట్టు నుంచి వచ్చి డాక్టరేట్ చేస్తున్న ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఆ చలికాలం పోయి వచ్చిన వసంతంలో, సెప్టెంబరులో ఒక ఉదయం మెత్తని జెల్లీల పళ్ళెం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కణాలు వేసిన కొన్నాళ్ళకు పళ్ళెంలో రంగు పోసి చూస్తారు, ఎముక పడితే ఎర్రరంగు అంటుకుంటుంది. మెత్తని పరుపుల మీద అంటకూడదు. అంటింది! దానిమ్మ గింజల్లా ఎర్రగా, పళ్ళెం నిండా. ముసలివాళ్ళ మూలకణాలు మెత్తని పరుపు మీద కూడా ఎముక కడుతున్నాయన్నమాట, ప్రపంచంలో ఎవరూ చూడని సంగతి. పెద్ద డాక్టరు ఉలిసెస్ అర్రంబీదె నెమ్మదైన మనిషి, ఆయన కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జెల్లీల మెత్తదనం కొలిపించారు. కొలతకు పంపేవి మందంగా, బిళ్ళ మూయకుండా విడిగా పోసిన ముద్దలు, వాటిమీద ఏ ఫ్లాస్కూ ఎక్కలేదు. మెత్తగానే ఉన్నాయని కాగితం వచ్చింది. ఆరు నెలలు మళ్ళీ మళ్ళీ చేశారు. ప్రతిసారీ ఎరుపే. అనాయీ థీసిస్ అంతా దానిమీదే నిలబడింది.

మార్చిలో నెలీదా భర్త వాల్దెమార్ ఇంటి కప్పు ఎక్కి చెత్త తీస్తూ జారిపడి మడమ విరగ్గొట్టుకున్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు, బలమైన మనిషి, కానీ నొప్పి అంటే చిన్నపిల్లాడు. కాలు కింద మోపమని డాక్టర్లు చెప్పినా మోపడు. బరువు పడకపోతే ఎముక గుల్లబారిపోతుందయ్యా, దానికి బరువే తిండి అని నెలీదా పోరి పోరి నడిపించింది. దానికోసం మూడు వారాలు సెలవు పెట్టింది. ఆ మూడు వారాలూ జెల్లీలు అనాయీ పోసుకుంది. ఎరుపు రాలేదు. ఒక్క పళ్ళెంలో కూడా రాలేదు.

నెలీదా తిరిగి వచ్చేసరికి పిల్ల కళ్ళకింద నల్లటి గుంటలు. తన చేతిలోనే ఏదో దోషముందని అందరికంటే ముందు తనే అనుకుంది, ఆ తర్వాత అందరూ అనుకున్నారు. డాక్టరైతే మందలించలేదు గానీ, నెలీ దగ్గర కూర్చుని నేర్చుకో అని మెత్తగా అన్నాడు. ఆ మాట విని నెలీదా ఒళ్ళు పొంగిపోయింది, కాదంటే అబద్ధం. ఆ వారమే ఒక్కతీ కూర్చుని కొన్ని పోసింది, రెండు వారాలకు వాటికి ఎరుపు వచ్చింది. నడవాలో అందరూ ఆమె చేతులకు దండం పెట్టినంత పని చేశారు.

అవి పోసిన మరుసటి వారమే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొన్ని పోసింది. పిల్ల ఎదుట కాబట్టి ఫ్లాస్కు లోపలికి తేలేదు. ఇద్దరూ చెరో పన్నెండు పోశారు. కణాలు వేశారు, రెండు వారాలు ఆగారు, రంగు వేశారు. నెలీదా పన్నెండూ తెల్లగానే ఉన్నాయి. అనాయీ వాటిని చూసి, నా దరిద్రం నీక్కూడా అంటుకుంది నెలీ, అని నవ్వబోయింది. నెలీదా నవ్వలేదు. ఆమెకు ఆ క్షణంలోనే ఫ్లాస్కు గుర్తొచ్చింది.

మర్నాడు అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు తలుపు గడియపెట్టి రెండు రకాలూ పోసింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి, జెల్లీ పైమట్టం నుంచి కింది గాజు దాకా మర ఎంత తిరుగుతుందో లెక్కవేసింది. ఫ్లాస్కు లేనిది వెంట్రుకంత మందం ఉంది. ఫ్లాస్కు కింద గడ్డకట్టింది ఆ వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా లేదు. పలచని పరుపు వేసుకుని బండమీద పడుకుంటే వీపుకు తగిలేది బండే. కణాలు అంత పలచని జెల్లీని లాగి చూసుకుంటే వాటికి తగిలింది కింది గాజు. గట్టి నేల అనుకుని ఎముక కట్టాయి. అంతే. కొత్త సంగతీ లేదు, ముసలి కణాల మహిమా లేదు. కిలోన్నర వేడినీళ్ళ బరువు.

ఆ రోజే చెప్పి ఉంటే అది పొరపాటుగా ఉండిపోయేది. చెప్పాలనే డాక్టరు గది దాకా వెళ్ళింది కూడా. తలుపు మీద చెయ్యి పెట్టింది. బరువు కోసం ఏం పెట్టావు అని అడుగుతాడు. ఫ్లాస్కు అనాలి. గదిలోకి ఫ్లాస్కు ఎందుకొచ్చింది అంటాడు. అప్పుడు దార్దో మొహం గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి వచ్చేసింది, తేలు కుట్టిన దొంగలాగా.

ఇంట్లో వాల్దెమార్‌కు చెప్పింది. బయట వాన. వాన పడితే పిండి వత్తి నూనెలో తోర్తా ఫ్రీతాలు వేయించుకోవలసిందే, ఆమె అవి వేయిస్తూ అటు తిరిగే చెప్పింది. అతను కర్ర పక్కన పెట్టి, వేడి వేడిగా ఒకటి నములుతూ తేల్చేశాడు. "రిటైరవడానికి నాలుగేళ్ళుంది. నోరు మూసుకో. ఆ కణాలేమైనా లేచి నీమీద ఫిర్యాదు చేస్తాయా?" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వినందుకు తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది.

అసలు సిగ్గుమాలిన పని ఆ తర్వాత చేసింది. నెలీదా పన్నెండూ తెల్లగా రావడం ఆ విడత కణాల దోషమేనని కొట్టిపారేసి, ఈ సంగతి మీద రాసే వ్యాసం పత్రికకు పంపేముందు ఇంకో మూడుసార్లు చేసి చూద్దామని డాక్టరు అన్నాడు. నెలీ పోసిన పరుపుల మీదే చేద్దాం, అనాయీవి వద్దు అన్నాడు. నెలీదా తలూపింది. గడియపెట్టుకుని, తెలిసి తెలిసి, ఫ్లాస్కు నిండా నీళ్ళు పోసుకుని మరీ తెచ్చి, బిళ్ళల మీద పెట్టింది. మూడుసార్లు. అంతకుముందు చేసింది తెలియక చేసింది. ఇది అలా కాదు. రాత్రి పడుకున్నాక ఆ మూడు పళ్ళేలే కళ్ళముందు ఎర్రగా కదిలేవి.

పోనీ పిల్లకు దూరంగానైనా ఉందా అంటే అదీ లేదు. ఆమెను చూస్తే జాలి, జాలి కలిగితే దగ్గరికి తీసుకోవడం. ప్రతి మంగళవారం పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేది. మణికట్టు బల్లకు ఆనించు, ఊపిరి బిగబట్టు, చుక్క దానంతట అది జారాలి, నువ్వు తొయ్యకూడదు. అనాయీ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి పట్టించేది. ఆ పిల్ల చేతులు చాలా మంచి చేతులు. నెలీదాకు అది మొదటి రోజే తెలుసు. కుదురైనవి, చల్లనివి, తనవాటికంటే మెరుగైనవి. ఆ చేతులకు తనే ఇంట్లోంచి క్రీము తెచ్చి రాసింది, చలికి బిరుసెక్కాయేమో, అందుకే కుదరట్లేదేమో అంటూ. ఆ అబద్ధం ఎంత మృదువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. చేతులు బాగా లేనివాళ్ళ గురించి నడవాలో ఎవరే మాట అన్నా, గుమ్మడికాయల దొంగ అన్నట్టు ఈమె భుజాలు తడుముకునేది. అనాయీ మాత్రం అది తన గురించే అనుకుని తల దించుకునేది.

జూన్ రెండో శుక్రవారం ఉదయం పదకొండింటికి సమావేశం. బేకరీ నుంచి బిస్కోచోలు, వెన్న పూసిన ఆ చిన్న రొట్టెలు, కాగితం పొట్లంతో వచ్చాయి. సమావేశపు గదిలో మాతేకు అడ్డులేదు, బుర్ర చేతులు మారుతోంది. డాక్టర్ అర్రంబీదె వ్యాసం మీద వేయబోయే పేర్లు చదివాడు. మొదటిది అనాయీ. రెండోది ఆయనది. మూడోది నెలీదా బెంతన్‌కోర్. ముప్పై నాలుగేళ్ళలో ఆమె పేరు అచ్చులోకి ఎక్కడం అదే మొదటిసారి. చప్పట్లు కొట్టారు. అనాయీ అందరికంటే గట్టిగా కొట్టింది.

చప్పట్లు ఆగాక అనాయీ ఒక మాట చెప్పాలంది. మొదటి పేరు తనది వద్దని, తను మానేస్తున్నానని, సోమవారం ఉత్తరం ఇస్తానని చెప్పింది. ఊళ్ళో వాళ్ళ పిన్నికి పశువుల మందుల దుకాణం ఉంది, అక్కడ కూర్చుంటుందట. తన పని తన చేత్తో ఒక్కసారి కూడా చేసి చూపించలేని మనిషి దానిమీద డాక్టరేట్ ఎలా తీసుకుంటుంది అంది. ఏడవలేదు. ముందే బాగా ఆలోచించుకున్న మాట అది. డాక్టరు, అందరికీ చెయ్యి తిరగాలని లేదమ్మా, లెక్కల వైపు రావచ్చు, తొందరపడొద్దు అన్నాడు.

నెలీదా లేచి నిలబడింది. లేస్తానని ఆమె అనుకోలేదు. ఆ మాతే బుర్ర తన వంతుకు వచ్చి చేతిలోనే ఉంది, దాన్ని బల్లమీద పెట్టింది.

"ఆ పిల్ల చేతుల్లో ఏ తప్పూ లేదు డాక్టర్. ఆమె పోసినవే సరైనవి. నావే తప్పు," అంది.

తర్వాత అంతా చెప్పింది. పంపు, అదురు, ఫ్లాస్కు, గాజుపలక, అంచుల్లో కారింది తుడిచేయడం, సూక్ష్మదర్శిని కింద వేసిన లెక్క. లోపల మాతే తాగడం కూడా చెప్పింది. దార్దో పేరు కూడా చెప్పింది. ఆఖరున, చివరి మూడుసార్లు తెలిసే చేశానంది. ఆ మాట మళ్ళీ ఒకసారి, అందరికీ వినబడేట్టు అంది.

డాక్టర్ అర్రంబీదె అడిగింది ఒక్కటే. మెత్తనివన్నీ అలాగే పోశావా అని. అన్నీ అంది. ఆయనకు ఇంకేం చెప్పక్కర్లేదు, ఎన్నేళ్ళ చదువు ఆయనది. పేర్లున్న కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఈ వ్యాసం ఎక్కడికీ పోదని చెప్పి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఆమె పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఒకావిడ భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. బిస్కోచోలు సగం పొట్లంలోనే ఉండిపోయాయి.

అనాయీ కుర్చీలోంచి కదల్లేదు.

"ఎప్పుడు తెలిసింది నెలీ?"

"ఏప్రిల్ ఆఖర్న."

అనాయీ కిటికీ వైపు చూస్తూ వారాలు లెక్కపెట్టుకుంది. "ఆరు వారాలు," అంది. "ఫ్లాస్కు పెట్టినందుకు నాకు కోపం లేదు. బల్ల ఊగుతుంటే నేనైనా ఏదో ఒకటి పెట్టేదాన్నే. కానీ ఆరు మంగళవారాలు నా వేళ్ళు పట్టుకుని నేర్పావు. క్రీము రాశావు. ఏం బాగుపడాలని నేర్పావు?"

నెలీదా ఉన్నదే చెప్పింది. "సిగ్గేసింది తల్లీ. చెప్పడానికి సిగ్గేసింది."

"నాకూ వేసింది. రోజూ వేసేది. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ, పని ఎలా ఉందే అంటుంది, నా చేతులకు చదువు రాదమ్మా అని చెప్పేదాన్ని. నువ్వు పక్క బల్ల దగ్గర కూర్చుని విన్నావు."

విన్నది నిజమే. నెలీదా తల ఊపింది. క్షమించమని అడుగుదామనుకుంది, కానీ అడిగితే ఆ పిల్ల ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. ఆ భారం కూడా ఆమె మీదే ఎందుకు వెయ్యాలి.

అనాయీ లేచింది. సోమవారం ఉత్తరం ఇవ్వనంది. మొదటినుంచి తనే పోసుకుంటుందట, అన్ని మందాలూ పోస్తుందట, జెల్లీ ఎంత పలచనైతే కణానికి కింది నేల తగులుతుందో చూస్తుందట. అది కూడా ఒక పనేనంది. ఆ గదిలో తను పోస్తున్నప్పుడు నెలీదా మాత్రం ఉండకూడదంది. సరేనంది నెలీదా. నిజానికి ఆ మాటకు ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. పిల్ల ఉండిపోతోంది, చేతులెలాగూ మంచివి, నాలుగు నెలల్లో పుంజుకుంటుంది అనుకుంది. పైకి కూడా అనేసింది. "నీ చేతులు బంగారం అమ్మాయీ. నాకంటే మంచి చేతులు. మొదటి రోజే చూశాను."

అనాయీ తలుపు దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. రెండు చేతులూ చాపి, వేళ్ళు విడదీసి, నెలీదా ముందు పట్టుకుంది.

"ఇప్పుడు చూడు," అంది. "మార్చిలో ఇవి వణికేవి కావు."

వేళ్ళు వణుకుతున్నాయి. కొద్దిగానే, కానీ చుక్క పోసేవాళ్ళకు ఆ కొద్ది చాలు. నెలీదా అలవాటు కొద్దీ వాటిని పట్టుకోబోయి, ఆపుకుని, తన చేతులు వెనక్కి తీసుకుంది.